పటేలు వాకిట్లో పసుపుపచ్చ కారు

అమర్‌సింగ్ నడపని బండి లేదు. తనదని చెప్పుకోవడానికి మాత్రం యాభై ఏళ్లు వచ్చేదాకా ఒక పాత సైకిలు తప్ప ఏమీ లేదు. సొంత తండా భూపాలపల్లి దగ్గర. అక్కడ పని దొరక్క పద్దెనిమిదో ఏట నెల్లికుదురు వచ్చి దామోదర్ పటేలు ట్రాక్టర్ ఎక్కాడు. ట్రాక్టర్ నుంచి ఆయన రైసుమిల్లు లారీకి మారి పదకొండేళ్లు తోలాడు. మిల్లు మూతపడ్డాక మళ్లీ సొంత తండాకు చేరి, బొగ్గు గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు టిప్పర్ మీద ఇంకో పద్నాలుగేళ్లు గడిపాడు. తాగడు. నిద్ర వస్తే బండి పక్కకు ఆపి మొహం కడుక్కుంటాడు. బండి మొరాయిస్తే దాన్ని బూతులు తిట్టడు. ఇలాంటి డ్రైవరును ఏ ఓనరూ వదులుకోడు. జీతం పెంచారా అని మాత్రం అడక్కండి.

రెండేళ్ల కిందట గని తండా దాకా వచ్చింది. తండ్రి వదిలిపోయిన రెండున్నర ఎకరాలు అందులో పోయాయి. పరిహారం బ్యాంకులో పడ్డ రోజున భార్య రామి ఒకటే చెప్పింది. భూమి ఇచ్చిన పైసలు, మళ్లీ భూమిలోకే పోవాలని. ఆమె పుట్టింటి తండా గార్ల దగ్గర. అక్కడికి పోయి నాలుగు రోజులు వెతికితే ఎకరమో రెండెకరాలో దొరక్కపోవు. అమర్‌సింగ్ సరేనన్నాడు. అన్న మాట మీద నిలబడి ఉంటే మనకీ కథ లేదు.

కొడుకు రమేశ్ హైదరాబాదులో క్యాబ్ నడుపుతాడు. వాడు ఫోన్లో ఒక కారు ఫొటో పంపాడు. పసుపుపచ్చ రంగు, రెండే తలుపులు, మీట నొక్కితే పైకప్పు మడతపడి వెనక్కి పోతుంది. విదేశీ కంపెనీది, సెకండ్ హ్యాండ్. పెళ్లికి ముందు జంటలు చెరువు గట్ల మీద ఫొటోలు దిగుతున్నారు కదా, వాళ్లకు కిరాయికిస్తే ఏడాదిలో పెట్టుబడి తిరిగొస్తుందని వాడి లెక్క. చూసొద్దామని తండ్రి వెళ్లాడు. ఒకసారి కూర్చుని చూడమన్నారు, కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా పరాయివాళ్ల సీట్లలో కూర్చున్న మనిషి. ఇంజను పలకగానే ఒళ్లు ఝల్లుమంది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని మనమంటాం. ఆయనా అదే అనుకున్నాడు, అనుకుంటూనే సంతకం పెట్టాడు. కొడుకు చెడగొట్టాడని అందరూ అంటారు గానీ, ఉన్న మాట చెప్పాలంటే కొన్నది అమర్‌సింగే. ఆర్సీ కూడా ఆయన పేరు మీదే ఉంది.

కారు ఇంటి ముందు ఆగినప్పుడు రామి ఏడవలేదు, అరవలేదు. దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "గిందుల ఏ పంట పండుతది?" అని అడిగింది. అడిగింది తండా మాటలో; తెలుగులో చెప్పాలంటే ఇంతే.

మొదటి పెళ్లిళ్ల సీజను బాగానే గడిచింది. రెండో సీజనుకు ఫొటోలవాళ్ల మోజు మారిపోయి ఎడ్లబండి కావాలన్నారు, పాత జీపు కావాలన్నారు. ఈ కారేమో నేలను రాసుకుంటూ పోయే రకం. తండా దాకా ఉన్న ఏడు స్పీడ్ బ్రేకర్లలో ఏ ఒక్కదాన్నీ పొట్ట గీరుకోకుండా దాటలేదు. చిన్న రబ్బరు ముక్క పాడైనా హైదరాబాదు పరుగెత్తాలి. అప్పటికే గని పుణ్యమా అని తండా ఖాళీ అయింది. అమర్‌సింగ్ కుటుంబం గార్ల దగ్గరి తండాకు మారింది, కారు మేకల కొట్టం పక్కన టార్పాలిన్ కిందికి చేరింది.

సరిగ్గా అప్పుడే భూమి దొరికింది. రామి పెద్దనాన్న కొడుకు కృష్ణ, బోరున్న రెండెకరాలు అమ్మకానికి పెట్టాడు. అక్క అడిగిందని ఇంకెవరికీ మాటివ్వలేదు. "మృగశిర దాంక సూస్త బావా. గది దాటితే విత్తనం ఏసెటోనికి ఇస్త, నన్ను తప్పు పట్టొద్దు" అన్నాడు. కారు అమ్ముడుపోతే ఆ రెండెకరాలు వస్తాయి. పోకపోతే రామి మిరప తోటల్లో కూలికి పోతుంది, అప్పటికే పోతోంది కూడా. తన భూమి మట్టి తెలిసిన మనిషి పరాయి చేనులో వంగి కాయ తెంపుతుంటే అమర్‌సింగ్ ఆ దారిన పోవడం మానేశాడు.

మహబూబాబాద్‌లో రాజలింగం అని ఒక కార్ల బ్రోకరున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఎడ్లు అమ్మించాడు, తర్వాత ట్రాక్టర్లు, ఇప్పుడు కార్లు. నోరు మంచిదే గానీ కాలం మంచిది కాదు. ప్లాట్లు కొనేవాడు లేడు, వడ్ల పైసలు చేతికి రాలేదు, ఎన్నికలు ఇంకా దూరం. మామూలు కార్లే చెట్టు కింద దుమ్ము పట్టి ఉన్నాయి. ఇక ఈ పసుప్పచ్చది ఎవడు కొంటాడు? అయినా నలుగురిని తీసుకొచ్చాడు. ఒకాయన వెనక సీటు చూసి, "మా అవ్వ ఏడ కూసోవాలె?" అన్నాడు. ఇంకో ఆయన మండల నాయకుడు. కూర్చుని చూసి దిగిపోయాడు. ఊళ్లోకి పోతే గేదె పొట్ట తప్ప ఏమీ కనపడదట, జనానికి తన మొహం కనపడదట. మిగతా ఇద్దరికీ కారు నచ్చింది. నచ్చాక ఒకే ప్రశ్న అడిగారు, జవాబు విని పోయారు.

ఆ ప్రశ్న ఏమిటో చెప్పాలి. మన దిక్కు పాత బండి కొనేవాడు ఇంజను మూత ఎత్తకముందే "ఎవరి చేతిది?" అని అడుగుతాడు. బతికిన చేతిదా, చెడిన చేతిదా అని దానర్థం. చెడినవాడి బండి కొంటే ఆ చెడు కూడా బండెక్కి ఇంటికొస్తుందని భయం. అందుకే అవసరం పడి ట్రాక్టర్ అమ్ముకునేవాడు అవసరమని చెప్పడు. కొత్తది తీసుకుంటున్నానని, ఇది అడ్డమైందని చెబుతాడు, వచ్చినవాళ్లకు కోడి కోసి పెడతాడు. అమర్‌సింగ్‌కు ఆ నాటకం రాదు. భూమి పోయింది, అత్తగారి తండాకొచ్చాడు, కారు మేకల పక్కన ఉంది. చేతి సంగతి చూడగానే తెలిసిపోతోంది. ఒకడైతే ఇంకో అడుగు ముందుకేసి, "తండాల గీ కారెట్ల వచ్చింది, దొంగ బండి గాదు గద?" అన్నాడు. అమర్‌సింగ్ ఆర్సీ తీసి చూపించాడు. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి ఇచ్చేశాడు.

"అన్నా, కారుల ఏ తప్పు లేదు" అన్నాడు రాజలింగం. "ఉన్న జాగల తప్పున్నది. పెద్ద గేటున్న ఇంటి ముంగట పెట్టు. బతికినోని చేతిదంటే నెల రోజులల్ల అమ్ముడువోతది. నీకు తెలిసిన పెద్దమనిషి ఎవరన్న ఉన్నరా?"

ఉన్నాడు. దామోదర్ పటేలు. మిల్లు పోయినా, చెరువు కింది పొలాలు సగం అమ్ముకున్నా, నెల్లికుదురులో ఆ ఇంటి గేటు గేటే. లోపల ఎంత డొల్లగా ఉందో బయటివాళ్లకు తెలియదు. అమర్‌సింగ్ వెళ్లి విషయం చెప్పగానే ఆయన నవ్వాడు. "పదకొండేండ్లు నా లారీ తోలినవు. నా వాకిట్ల పెట్టుకోనికి అడుగుతవా? నా చేతిదే అని చెప్పు, నాకేం పోతది?" అన్నాడు. అంత మంచి మాట ఆ ఏడాదిలో అమర్‌సింగ్ ఇంకెవరి నోటా వినలేదు. కారు తీసుకొచ్చి వేపచెట్టు నీడలో పెట్టి, తాళం చెవి చేతికిచ్చి, బస్సెక్కి ఇంటికి పోయాడు.

రాజలింగం చెప్పింది నిజమే. గేటు మారగానే కారు మారిపోయింది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు, సెల్ఫీలు దిగుతున్నారు. పటేలు కొడుకు మహీధర్ రెండు రోజులకోసారి దాన్ని రోడ్డెక్కిస్తున్నాడు, నిలవ ఉంటే పాడవుతుందని. ఆ మాటా నిజమే. ఫిబ్రవరిలో మహబూబాబాద్ డాక్టరు ఒకాయన వచ్చి, చూసి, బేరం కూడా పెద్దగా ఆడకుండా ఒప్పుకున్నాడు. రాజలింగం ఫోన్ చేస్తే రామి ఆ సాయంత్రం పోయి కృష్ణ పొలం గట్ల మీద ఒక చుట్టు తిరిగొచ్చింది.

మర్నాడు అమర్‌సింగ్ నెల్లికుదురు పోయాడు. పటేలు కుర్చీ చూపించాడు. అమర్‌సింగ్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. చాయ్ వచ్చింది.

"డాక్టరు మంచోడే, ధర గూడ మంచిదే" అన్నాడు పటేలు. "గని ఇప్పుడు అమ్మద్దు అమర్‌సింగూ."

"ఎందుకు పటేలా?"

"మహీధర్‌కు జనగామ సంబంధం వచ్చింది. పిల్ల పేరు రుచిత, మంచి పిల్ల. పిల్ల తండ్రి వచ్చిండు మొన్న. గేటు కాడ్నే ఆగి కారు సుట్టూ తిరిగి సూసిండు. మాదని నేను అనలే. కాదని గూడ అనలే. వారం తిరగకముందే కారు అమ్ముకున్నరని ఆయన చెవిన పడితే? మిల్లు పాయె, ఇప్పుడు కారు గూడ పాయె, దామోదర్ దిగజారిండు అనుకోడా?"

"కారు నాది గద పటేలా."

"నీదే. నాదని ఎవడన్నడు? జర పెండ్లి కానీ. తెల్లారే నేను నిలబడి అమ్మిస్త."

ఆ మాటల్లో ఎక్కడా దౌర్జన్యం లేదు. ఉంటే ఎదురు తిరిగేవాడేమో. చాయ్ తాగించి, బట్టలు పెట్టి, గౌరవంగా వద్దంటే ఏం చేస్తాడు? డాక్టరు పది రోజులు చూసి వేరే కారు కొనుక్కున్నాడు. పెళ్లి ముహూర్తం కూడా పెట్టారు, మృగశిరకు మూడు రోజుల ముందు.

"పోయి తెచ్చుకో" అంది రామి. "కాయితం నీ పేరు మీద ఉన్నది. ఎవని పర్మిషన్ గావాలె నీకు?"

అమర్‌సింగ్ తెచ్చుకోగలడు. తెచ్చుకుంటే ఏమవుతుంది? కారు మళ్లీ మేకల కొట్టం పక్కకు వస్తుంది. పటేలే వద్దనుకున్న కారట అని కొత్త పేరు కూడా తోడవుతుంది. తండాలో ఉంటే కొనేవాడు లేడు, పటేలు వాకిట్లో ఉంటే అమ్మేవాడు లేడు. మూడు రాత్రులు పడుకుని ఆలోచించినా మధ్యలో ఇంకో దారి ఆయనకు కనిపించలేదు. మనకైనా కనిపిస్తుందా అంటే నాకు నమ్మకం లేదు.

అయినా ఊరుకోలేక రెండుసార్లు పోయాడు. మొదటిసారి కారు లేదు, మహీధర్ పెళ్లి బట్టలకు వరంగల్ తీసుకుపోయాడు. రెండోసారి కారుంది, పటేలు లేడు. ఇంట్లోవాళ్లు కూర్చోబెట్టి అన్నం పెట్టి, పోయేటప్పుడు మామిడికాయ తొక్కు డబ్బా చేతికిచ్చారు. రామి ఆ డబ్బా మూత తియ్యలేదు. పక్కింటివాళ్లకిచ్చేసింది.

పెళ్లి ముందు రోజు పటేలే ఫోన్ చేశాడు. "అమర్‌సింగూ, రేపు జనగామల ఎదుర్కోలు. మహీధర్ పెండ్లికొడుకు, వాడు తోలద్దు. వేరేటోల్లకు ఆ బండి తెల్వది. నువ్వే రావాలె." రానంటే ఏమవుతుందో అమర్‌సింగ్ ఆలోచించలేదు. ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తే బయల్దేరడం పద్దెనిమిదో ఏట పడిన అలవాటు. పైగా పెళ్లయిన తెల్లారే అమ్మిస్తానన్నాడు. ఇంకొక్క రోజే కదా.

తెల్లవారుజామున దారిలో ఉండగా కృష్ణ ఫోన్ చేశాడు. "బావా, డోర్నకల్ దిక్కు నుంచి ఒగాయన వచ్చి కూసున్నడు. మృగశిరకు ఇంక మూడు దినాలున్నది గని, ఆయన ఇయ్యాల్నే తేల్చమంటుండు. నేను పొద్దుగూకెదాంక ఆపుత. పైసలు ఇప్పుడే అంటలేను. కారు అమ్ముడువోయిందని ఒక్క మాట చెప్పు, అక్కకే రాసిస్త." అమర్‌సింగ్ సరేనన్నాడు. ఏం చూసుకుని సరేనన్నాడో ఆయనకే తెలియదు.

జనగామలో ఎండ అప్పటికే మండిపోతోంది. ఆడపిల్లవాళ్లు గుడి దగ్గర ఎదురొచ్చారు. అక్కడి నుంచి ఫంక్షన్ హాలు మూడు వందల గజాలు. కారు పైకప్పు తీసేశారు. వెనక ఎత్తు మీద మహీధర్ తలపాగాతో కూర్చున్నాడు, పక్కన పూలు. ముందు బ్యాండు, దాని ముందు కుర్రాళ్ల ఆట. స్టీరింగు దగ్గర కొత్త తెల్లచొక్కాలో అమర్‌సింగ్. చొక్కా పటేలు ఇంట్లో పెట్టిందే. చెకింగ్ ఉంటుందని ఆర్సీ కార్డు జేబులో పెట్టుకున్నాడు.

సగం దారిలో బ్యాండు ఆగి కొత్త పాట ఎత్తుకుంటుండగా ఒక లావుపాటి మనిషి కారు పక్కకు వచ్చాడు. లక్ష్మీకాంత్ అని, ఆ ఫంక్షన్ హాలు ఓనరు. ముందు టైరు చూశాడు, వంగి అడుగు చూశాడు, డోరు మీద చెయ్యి వేశాడు. కొనాలనుకునేవాడు చూసే తీరు వేరుగా ఉంటుంది. అమర్‌సింగ్ ఏడాదిగా ఆ చూపు కోసమే ఎదురుచూస్తున్నాడు.

"మంచిగున్నది" అన్నాడు లక్ష్మీకాంత్. "నా హాలుకు గిసొంటిదే ఒకటి పర్మినెంటుగ కావాలె. పెండ్లికొడుకులందరు గిదే అడుగుతున్నరు. వరంగల్ల ఒకటి సూసిన, రేపు అడ్వాన్సు ఇద్దామనుకుంటున్న. గని గిది నచ్చింది. ఎవరి చేతిది?"

అమర్‌సింగ్ హ్యాండ్ బ్రేకు వేశాడు. కృష్ణ మాట గుర్తొచ్చింది. చేనులో వంగి ఉన్న రామి గుర్తొచ్చింది.

"నాదే అన్నా" అన్నాడు. "అమ్ముత."

లక్ష్మీకాంత్ ఒక్క క్షణం చూసి పకపకా నవ్వాడు. పక్కనున్న పెళ్లివాళ్లను పిలిచి చెప్పాడు. "డ్రైవరుది అట కారు. అమ్ముతడట." వాళ్లూ నవ్వారు. పొద్దున్నే మందు ఎక్కించినట్టున్నాడన్నారు ఎవరో. నవ్వు విని ఆడపిల్ల తండ్రి కూడా ఇటు తిరిగి, ఏంది సంగతని దగ్గరికొచ్చాడు.

అమర్‌సింగ్ చెయ్యి జేబు దగ్గరికి పోయింది. కార్డు తీసి చూపిస్తే అయిపోతుంది. పేరుంది, ఊరుంది, బండి నంబరుంది. ఇక ఎవడూ నవ్వడు.

వెనక నుంచి మహీధర్ ముందుకు వంగాడు. వాడి మొహంలో చెమట. "అమరన్నా" అన్నాడు చాలా మెల్లగా. "నీ కాళ్లు మొక్కుత. రుచిత వాళ్ల బాపు సూస్తుండు. ఇప్పుడొద్దు."

ఈ పిల్లవాణ్ని లారీ క్యాబిన్లో ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించింది తనే. ఇప్పుడు కార్డు తీస్తే వీడి పెళ్లి ఇక్కడే నడిరోడ్డు మీద ఆగుతుంది. తియ్యకపోతే పొద్దుగూకేసరికి పొలం పోతుంది. అమర్‌సింగ్ తల తిప్పి దామోదర్ పటేలు వైపు చూశాడు. నిజం తెలిసిన పెద్దమనిషి ఆయనొక్కడే. ఏదో ఒక మాట చెప్పి, అమ్మకానికేనని, పెళ్లయ్యాక మాట్లాడుకుందామని అన్నా చాలు.

పటేలు వియ్యంకుడి వైపు చూశాడు. తర్వాత వచ్చి అమర్‌సింగ్ భుజం మీద చెయ్యి వేశాడు. "మావోడే" అన్నాడు నవ్వుతూ. "పదకొండేండ్లు మా లారీ తోలిండు. మా ఇంట్ల ఏమున్నా తనదే అనుకుంటడు. మేం గూడ గట్లనే సూసుకుంటం."

"గట్లుండాలె మనుషులు" అన్నాడు ఆడపిల్ల తండ్రి. ఆయనకు నిజంగానే ముచ్చటేసింది.

"మరి అమ్ముతరా పటేలా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"పెండ్లికొడుకు ఎక్కిన బండి. ఇంటి లచ్చిమి అసొంటిది. ఎట్ల అమ్ముతం?"

లక్ష్మీకాంత్ సరే మీ ఇష్టమని చెప్పి, ఫోన్ తీసి ఎవరితోనో వరంగల్ కారు గురించి మాట్లాడుకుంటూ హాలు వైపు వెళ్లిపోయాడు. పెళ్లయిన తెల్లారి కూడా ఈ కారు అమ్ముడుపోదని అమర్‌సింగ్‌కు అప్పుడు అర్థమైంది. తర్వాత కోడలు ఇంటికొచ్చిన కారవుతుంది, ఆ తర్వాత ఎన్నికలొస్తాయి, అప్పుడూ పటేలు వాకిట్లో కారుండాలి. అంత జనంలో ఆయనకు ఏడుపొచ్చింది. కళ్లలోకి చెమట దిగిందన్నట్టు మోచేత్తో తుడుచుకున్నాడు.

ఆడపిల్ల తండ్రి ఇంకా పక్కనే ఉన్నాడు. పెళ్లికొడుకును తీసుకొచ్చిన డ్రైవరుకు ఈనాం ఇవ్వడం ఆనవాయితీ. ఆయన ఐదు వందల నోటు తీసి, మడిచి, అమర్‌సింగ్ చొక్కా జేబులో కార్డు పక్కన తనే పెట్టాడు.

"ఉంచుకో" అన్నాడు ప్రేమగా. "బండి మంచిగ తోలుతున్నవు."